ఏది నొక్కినా తొమ్మిదే

మొన్న ఆదివారం మా మేనకోడలు ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. సెలవుల్లో పైథాన్ నేర్చుకుంటోంది. తెర మీద బటన్లు పెట్టే టికింటర్‌తో కాలిక్యులేటర్ చేసింది. బటన్లు ముచ్చటగానే ఉన్నాయి. "మామయ్యా, ఏది నొక్కినా తొమ్మిదే వస్తోంది!" అంది. మూడు నొక్కాను, తొమ్మిది. సున్నా నొక్కాను, తొమ్మిదే.

కోడ్ చూడకముందే నవ్వొచ్చింది. ఒకప్పుడు నేనూ పడ్డ గొయ్యే. ఫర్ లూపు తిప్పుతూ ఒక్కో బటన్‌కీ ఒక లాంబ్డా, అంటే పేరులేని ఫంక్షన్, తగిలించింది. అది లూపులో మారే 'ఐ' విలువను పుట్టినప్పుడు మూటగట్టుకోదు, బటన్ నొక్కినప్పుడు వెళ్లి చూసుకుంటుంది. అప్పటికి లూపు ముగిసి 'ఐ' తొమ్మిది దగ్గర కూర్చుని ఉంటుంది. 'లాంబ్డా ఐ=ఐ' అని మారిస్తే కుదిరింది.

"ఈక్వల్ బటన్‌కి కూడా లాంబ్డా ఎందుకు?"

"సార్ పెట్టమన్నారు. లేకపోతే నొక్కకముందే పనైపోతోంది."

అవుతుంది మరి. బటన్ నొక్కితే ఏం చేయాలో చెప్పే కమాండ్ దగ్గర ఫంక్షన్ పేరు పక్కన బ్రాకెట్లు పెడితే, విండో తెరుచుకోకముందే ఆ పని జరిగిపోతుంది. ఆ తర్వాత బటన్ ఉలకదు, పలకదు. వంటవాడి ఫోన్ నంబరు అడిగితే వంట చేయించి పట్టుకొచ్చినట్టు! ఫంక్షన్‌కి పేరు పెట్టి, బ్రాకెట్లు లేకుండా ఆ పేరు ఇమ్మంటే తీరేదానికి లాంబ్డా తొడిగించడం నాకు నచ్చదు. అంకెల బటన్లకి ఏ అంకో చెప్పి పంపాలి కాబట్టి అక్కడ లాంబ్డా సరే. ఈక్వల్‌కి ఏం అవసరం?

అయిదుని సున్నాతో భాగించి చూపించాను. ఎర్రర్‌లో 'ఇన్ లాంబ్డా' అని వచ్చింది. ఆ ప్రోగ్రాంలో లాంబ్డాలు ఎన్నో. సంతలో 'ఏవండీ' అని కేకేస్తే పదిమంది తిరిగి చూసినట్టుంది వ్యవహారం. లైను నంబరు ఉంటుంది, కాదనను. కానీ కొత్తగా నేర్చుకునే పిల్ల కళ్లు ముందు వెతికేది మాటను.

"ఈ బటన్ చేసే పనేంటో ఒక్క మాటలో చెప్పు" అన్నాను. తెర మీదిది చదువుతుంది, లెక్క కడుతుంది, మళ్లీ తెర మీద పెడుతుంది అంటూ వేళ్లు మడిచింది. కాసేపాగి, "లెక్కించు" అంది.

2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి ఫంక్షన్‌కి తెలుగులో పేరు పెట్టుకోవచ్చు. ఆ సంగతి చెబితే నమ్మలేదు. ఫంక్షన్ మొదలుపెట్టే డెఫ్ పక్కన తెలుగులోనే 'లెక్కించు' అని కొట్టి, కమాండ్ దగ్గర బ్రాకెట్లు లేకుండా ఆ పేరు ఇచ్చింది. కావాలనే మళ్లీ అయిదుని సున్నాతో భాగించింది. ఈసారి ఎర్రర్‌లో 'ఇన్ లెక్కించు' అని వచ్చింది.

సున్నా తప్పు మాత్రం ఇంకా అలాగే ఉంది. అది వచ్చే ఆదివారం చూస్తాం.