నర్సింగ్ పాఠ్యపుస్తకం: చదవడం, సరిచూడడం

6.1 ఉపోద్ఘాతం

ఈ ఖండంలోని గత పాఠాలలో కథను, వ్యాసాన్ని, పత్రికా రచనను విమర్శ దృష్టితో ఎలా చదవాలో తెలుసుకున్నారు. ఈ పాఠంలో సాధారణంగా ఎవరూ విమర్శకు తీసుకోని రచనను తీసుకుంటున్నాం. అది పాఠ్యపుస్తకం. నవల నచ్చకపోతే మూసి పక్కన పెడతాం. పాఠ్యపుస్తకం బాగున్నా బాగుండకపోయినా పరీక్ష కోసం కంఠస్థం చేస్తాం. అందువల్ల దానిలోని లోపం విమర్శకుడి కంటపడక ముందే విద్యార్థి బుర్రలోకి చేరిపోతుంది.

అందులోనూ నర్సింగ్ పాఠ్యపుస్తకాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. చరిత్ర పుస్తకంలో తేదీ తప్పు పడితే పోయేది ఒక మార్కు. నర్సింగ్ పుస్తకంలో మోతాదు తప్పు పడితే దాని ఫలితం అనుభవించేది పుస్తకం చదివిన మనిషి కాదు, మంచం మీద ఉన్న మనిషి. మీలో కొందరు ఏ.ఎన్.ఎం. లేదా జి.ఎన్.ఎం. పూర్తిచేసి ఆసుపత్రిలో పనిచేస్తూ ఈ డిగ్రీ చదువుతున్నారు. కాంటాక్ట్ తరగతులలో నైట్ డ్యూటీ కళ్ళతో వెనుక బెంచీలో కూర్చునేది మీరేనని నాకు తెలుసు. మిగిలినవారు నర్సులు కాకపోయినా ఏదో ఒకనాడు నర్సు చేతికి శరీరాన్ని అప్పగించవలసినవారే. కాబట్టి ఈ పాఠం అందరిదీ.

6.2 వరకట్నానికి 'ప్రయోజనాలు'

2022 ఏప్రిల్‌లో ఒక పాఠ్యపుస్తకం పేజీ ఫొటో దేశమంతా తిరిగింది. అది నర్సింగ్ విద్యార్థుల కోసం రాసిన సమాజశాస్త్ర పుస్తకం. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సిలబస్ ప్రకారం రాసినదని అట్ట మీద ఉంది. లోపలి పేజీలో వరకట్నం వల్ల కలిగే ప్రయోజనాలను వరుసగా ఇచ్చారు. కొత్త కాపురానికి సామాను సమకూరుతుందట. తండ్రి ఆస్తిలో కూతురికి వాటా అందినట్లవుతుందట. కట్నం భారం తగ్గించుకోవడానికి తల్లిదండ్రులు ఆడపిల్లలను చదివిస్తున్నారు కనుక స్త్రీ విద్య పెరుగుతోందట. అందంగా లేని అమ్మాయిలకు కూడా పెళ్ళిళ్ళు అవుతాయన్నది వీటన్నిటికీ పరాకాష్ఠ. పార్లమెంటు సభ్యులు కేంద్ర మంత్రికి లేఖ రాసేదాకా విషయం వెళ్ళింది. తాము సిలబస్‌ను మాత్రమే నిర్ణయిస్తామని, ఏ రచయితనూ ఏ పుస్తకాన్నీ ఆమోదించలేదని నర్సింగ్ కౌన్సిల్ ప్రకటించింది. ప్రచురణకర్తలు పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నారు.

దీన్ని ఒక రచయిత బుద్ధి తక్కువతనం అని కొట్టిపారేయడం సులభం. విమర్శకులుగా మీరు అక్కడితో ఆగకూడదు. ఇలాంటి వాక్యాలు ఎలా పుడతాయో ఆలోచించండి. మన పరీక్షలకు ఒక అచ్చు ఉంది: నిర్వచనం, రకాలు, కారణాలు, ప్రయోజనాలు, నష్టాలు. ఉమ్మడి కుటుంబాన్ని ఈ అచ్చులో పోయవచ్చు. ప్లాస్టర్ కట్టునూ పోయవచ్చు. వరకట్నాన్ని పోసినప్పుడు మాత్రం 'ప్రయోజనాలు' అనే గడి ఖాళీగా కనబడుతుంది. ఆ గడిని ఏదో ఒకదానితో నింపాలి. 1961లోనే చట్టం నిషేధించిన నేరానికి ప్రయోజనాలు ఏమిటన్న ప్రశ్న రాసేవారికి తట్టలేదు, అచ్చువేసేవారికి తట్టలేదు. పాఠం చెప్పినవారిలో ఎందరికి తట్టిందో! అచ్చు మనిషి తరఫున ఆలోచించేసింది.

ఇక ఈ పేజీ చదువుతున్నది ఎవరు? రేపు కాలిన గాయాల వార్డులో డ్యూటీ చేయబోయే అమ్మాయి. పెళ్ళయి రెండేళ్ళు కూడా కాని ఒక మనిషిని అర్ధరాత్రి అక్కడికి తెస్తారు. వంట చేస్తుంటే స్టవ్ అంటుకుందని చెబుతుంది. చుట్టూ అత్తింటివారు నిలబడి ఉంటారు. వాళ్ళు టీ తాగడానికి వెళ్ళిన పది నిమిషాలలో నర్సుతో ఇంకో మాట చెప్పవచ్చు. ఆ పది నిమిషాలలో ఏం చేయాలో చెప్పవలసింది ఆ అధ్యాయమే. మాట పెట్టించకుండా వినడం, ఆమె అన్న మాటలను అన్నట్లుగానే సమయంతో సహా నమోదు చేయడం, వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పడం, అది మెడికో లీగల్ కేసుగా నమోదైందో లేదో చూడడం, మరణ వాంగ్మూలం తీసుకోవడానికి మేజిస్ట్రేటు వస్తే రోగి స్పృహ గురించి డాక్టరు ధ్రువీకరణ ఎందుకు కావాలో తెలిసి ఉండడం ఆ నర్సుకు అక్కరకు వచ్చే సమాజశాస్త్రం. నా దృష్టిలో ఆ పుస్తకం చేసిన పెద్ద తప్పు అసహ్యమైన ఆ ఒక్క వాక్యం కాదు. వరకట్నం గురించి నర్సుకు ఏం తెలియాలన్న ప్రశ్న అసలు వేసుకోకపోవడం. ఆ వాక్యాన్ని తొలగించి మిగతా పేజీని అలాగే ఉంచితే పుస్తకం మర్యాదగా కనిపిస్తుందేమో గాని పనికి రాదు.

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. 2017లో అమెరికాలో పియర్సన్ సంస్థ ప్రచురించిన నర్సింగ్ పుస్తకంలో ఏ జాతివారు, ఏ మతంవారు నొప్పికి ఎలా స్పందిస్తారో చెప్పే భాగం ఒకటి దొరికింది. యూదులు ఇలా, నల్లజాతివారు ఇలా, ఆసియావారు ఇలా అంటూ మనుషులను మూటలు కట్టారు. విమర్శలు రాగానే సంస్థ క్షమాపణ చెప్పి ఆ భాగాన్ని తీసివేసింది. ఆ భాగం రాసినవారి ఉద్దేశం ద్వేషం కాకపోవచ్చు. సాంస్కృతిక భేదాలను నర్సు గౌరవించాలనే అనుకొని ఉంటారు. కాని నొప్పి ఎంత ఉందో చెప్పగలిగేది దాన్ని అనుభవించే మనిషేనని మార్గో మెకాఫరీ అనే నర్సు 1968లోనే చెప్పి ఉంది. నర్సింగ్ రంగం తన సొంత మనిషి నేర్పిన పాఠాన్ని తన పుస్తకంలోనే మరిచిపోయింది.

6.3 అంకెలు

తప్పుడు అభిప్రాయం ఎవరి కంటనైనా పడి గొడవ అవుతుంది. తప్పుడు అంకె, లేదా మన వార్డుకు సరిపడని అంకె, ఏ గొడవా లేకుండా ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. నేను ఎక్కువ భయపడేది దీనికే.

ఇన్సులిన్ ఉదాహరణ చూడండి. అమెరికా పుస్తకాలలో ఇన్సులిన్ అంటే సాధారణంగా మి.లీ.కు 100 యూనిట్లు ఉన్నదే. మన దేశంలో మి.లీ.కు 40 యూనిట్లు ఉన్న సీసాలు విరివిగా వాడుకలో ఉన్నాయి. 100 యూనిట్లవీ ఉన్నాయి. రెండింటికీ సిరంజిలు వేరు: 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. విదేశీ పుస్తకం చూసి రాసిన మన పుస్తకంలో ఈ రెండో రకం ప్రస్తావన లేకపోతే ఏమవుతుంది? ఇక్కడ ఆగి, పెన్సిలు తీసుకొని లెక్క వేయండి. డాక్టరు 20 యూనిట్లు రాశారు. చేతిలో ఉన్నది 100 యూనిట్ల ఇన్సులిన్, 40 గీతల సిరంజి. 20 గీత వరకు తీస్తే ఎంత మందు వస్తుంది?

ఆ సిరంజిలో 20 గీత అంటే అర మి.లీ. అర మి.లీ.లో 50 యూనిట్లు ఉంటాయి. అంటే రెండున్నర రెట్లు. రోగి తెల్లవారేసరికి చెమటలు పట్టి స్పృహ తప్పి ఉండవచ్చు. తారుమారుగా 40 యూనిట్ల ఇన్సులిన్‌ను 100 గీతల సిరంజితో 20 వరకు తీస్తే అందేది 8 యూనిట్లే. చక్కెర దిగదు, మందు పనిచేయడం లేదని మోతాదు పెంచుతారు. ఈ లెక్క ఒక్క పేరాకు మించదు. మధుమేహం గురించి ఇరవై పేజీలు రాసి ఈ పేరా రాయని పుస్తకాన్ని నేను మంచి పుస్తకం అనలేను, అందులో క్లోమగ్రంథి బొమ్మ ఎంత రంగురంగులుగా ఉన్నా సరే.

సెలైన్ లెక్క కూడా ఇలాంటిదే. 500 మి.లీ. ఎనిమిది గంటలలో ఎక్కాలంటే, మి.లీ.కు 20 చుక్కలు పడే సెట్‌తో నిమిషానికి సుమారు 21 చుక్కలు. 15 చుక్కల సెట్‌తో సుమారు 16. సెట్ కవరు మీద ఆ సంఖ్య ముద్రించి ఉంటుంది. పుస్తకం సూత్రం ఇచ్చి వదిలేయకుండా 'ముందు కవరు చూడండి' అని చెప్పిందా లేదా అన్నది సమీక్షకుడు చూడాలి.

పాతబడిన అంకెల సంగతి మీకు తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. ఆగిన గుండెను తిరిగి కొట్టించే పద్ధతిలో ముందు శ్వాసమార్గం, తరువాత శ్వాస, ఆ తరువాత ఛాతీ నొక్కడం అనే వరుసను 2010లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ మార్చి, ఛాతీ నొక్కడాన్ని ముందుకు తెచ్చింది. ఆసుపత్రి వ్యర్థాలకు 1998 నాటి నియమాల స్థానంలో 2016లో కొత్తవి వచ్చాయి. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం అన్న నాలుగు రంగులు ఇప్పటివి. మీ పుస్తకంలో నల్ల సంచి ఇంకా కనిపిస్తే ముద్రణ సంవత్సరం చూడండి. 'పునర్ముద్రణ' అని ఉంటే దాన్ని 'సవరించిన ముద్రణ' అని పొరబడవద్దు.

6.4 భాష

తెలుగులో ఉన్న నర్సింగ్ పుస్తకాల దగ్గరికి వద్దాం. వీటిపై నాకు ప్రేమ ఉంది, కాబట్టి కోపమూ ఉంది.

'రోగి చేతులు శుభ్రపరచబడాలి', 'మూత్రపు సంచి ఖాళీ చేయబడాలి', 'వైద్యునికి తెలియజేయబడాలి'. ఇలాంటి వాక్యాలు మీరు చాలానే చదివి ఉంటారు. ఇవి ఇంగ్లీషు వాక్యాలకు తెలుగు చొక్కాలు. అందం లేకపోవడం చిన్న విషయం. ఆ పని ఎవరు చేయాలో వాక్యంలో లేదు. నర్సా, ఆయానా, రోగి వెంట వచ్చిన కూతురా? వార్డులో ఎవరి పనో తెలియని పని ఎవరూ చేయరు. 'సంచి మూడు వంతులు నిండకముందే మీరు ఖాళీ చేయండి, ఎంత వచ్చిందో చార్టులో రాయండి' అంటే ఆ గందరగోళం ఉండదు. మాటలు కూడా పెద్దగా పెరగలేదు.

హెచ్చరిక ఎక్కడ ఉందన్నది రెండో విషయం. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్‌ను పలచన చేయకుండా నేరుగా సిరలోకి ఇస్తే గుండె ఆగిపోవచ్చు. ఈ మాట విధానమంతా చెప్పాక, పేజీ చివర, 'ముఖ్య గమనిక' అనే పెట్టెలో ఉంటే దాన్ని చదివేలోగా చేతులు పని ముగించి ఉంటాయి. హెచ్చరిక చేయబోయే పనికి ముందు రావాలి. పాఠ్యపుస్తకాల సమీక్షా సంఘంలో కూర్చున్న కొత్తలో ఇలాంటి పేజీ ఒకటి నా చేతి మీదుగానే దాటిపోయింది. అక్షర దోషాలు పదకొండు పట్టుకున్నాను, వాటిని చూసి సంతోషించాను. హెచ్చరిక చోటు తప్పిందని తరువాత చెప్పింది సంఘంలో లేని ఒక స్టాఫ్ నర్సు.

మూడోది రోగి భాష. పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు పదం తెలుగు లిపిలో ఉంటుంది, ఇంకో పక్క 'శిరోభ్రమణం' వంటి సంస్కృత పదం ఉంటుంది. మంచం మీద మనిషి ఈ రెండూ అనడు. కళ్ళు తిరుగుతున్నాయంటాడు, గుండె దడగా ఉందంటాడు, కాళ్ళు గుంజుతున్నాయంటాడు. 'వేడి చేసింది సిస్టర్' అన్నప్పుడు దానికి ఏ ఇంగ్లీషు పదమూ సరిపోదు. మూత్రంలో మంట కావచ్చు, నోటి పూత కావచ్చు, వేసవిలో నీరు తాగక వచ్చిన నీరసం కావచ్చు. 'వేడి అంటే ఎక్కడ తెలుస్తోందమ్మా, మూత్రానికి వెళ్తే మంటగా ఉందా?' అని అడగడం నేర్పే పుస్తకం తెలుగు పుస్తకం. కేవలం తెలుగు అక్షరాలలో అచ్చయినంత మాత్రాన పుస్తకం తెలుగు పుస్తకం అయిపోదు. 'రక్తపోటు' వంటి మంచి మాట జనంలోకి వెళ్ళింది కదా, అలాంటివి ఉంచుకోవలసిందే. శుద్ధ తెలుగు కావాలని నేను అనడం లేదు. కాథెటర్‌ను కాథెటర్ అనే రాయండి. వార్డులో అందరూ అనేది అదే.

బొమ్మల గురించి ఒక్క మాట. బెడ్ సోర్ మొదలయ్యేటప్పుడు చర్మం ఎర్రబడుతుందని పుస్తకం చెబుతుంది, తెల్లని చర్మం మీద ఎర్ర మచ్చ బొమ్మ వేస్తుంది. మన రోగులలో చాలామంది చర్మం మీద ఆ ఎరుపు కనిపించదు. అక్కడ చేత్తో తాకి చూడాలి: చుట్టుపక్కల కంటే వెచ్చగా లేదా చల్లగా ఉందా, గట్టిపడిందా, నొప్పి అంటున్నాడా? లండన్‌లో మలోన్ ముక్వెండె అనే వైద్య విద్యార్థి తన అధ్యాపకులతో కలిసి నల్ల, గోధుమ రంగు చర్మాలపై రోగ లక్షణాల గురించి 2020లో ఒక చేతిపుస్తకం తెచ్చాడు. పుస్తకంలో లోటును విద్యార్థే గుర్తించి పూరించాడన్న సంగతి మీకు చెప్పాలనే దీన్ని ప్రస్తావించాను.

6.5 సమీక్ష ఎవరు చేయాలి

మన దగ్గర పాఠ్యపుస్తకాన్ని సమీక్షకు పంపడమంటే ఆ విషయంలో పెద్ద డిగ్రీ ఉన్నవారికి పంపడం. నాకు పంపినట్లే. విషయం తెలిసినవారు విషయ దోషాలు పట్టుకుంటారు, అది అవసరమే. కాని తెలిసినవారికి అర్థం కానిది ఏదీ కనబడదు. మధ్యలో ఒక మెట్టు లేకపోయినా వారి మనసు దానిని పూరించుకుంటుంది. మెట్టు లేదని తెలిసేది ఎక్కుతూ పడేవారికే. అందుచేత ముద్రణకు ముందు ప్రతి విధానాన్నీ మొదటి సంవత్సరం విద్యార్థి చేతికిచ్చి, ఎవరూ సాయం చేయకుండా బొమ్మ మీద చేసి చూపమనాలి. ఎక్కడ చేయి ఆగిందో పక్కన కూర్చున్నవారు రాసుకోవాలి. ఇందుకు పెద్ద ఖర్చు లేదు, ఒక మధ్యాహ్నం చాలు. ఏళ్ళ తరబడి వార్డులో పనిచేసిన నర్సు ఒకరు అదే పేజీ చదివి, 'మా దగ్గర ఈ సామాను ఉండదు, మేము ఇలా చేస్తాం' అని చెప్పాలి. అప్పుడు పుస్తకం ఆమె పద్ధతిని ఒప్పుకోవడమో, అది ఎందుకు ప్రమాదకరమో చెప్పడమో చేయాలి. రెండూ చేయకపోతే విద్యార్థి పరీక్షకు ఒక పద్ధతి, డ్యూటీకి ఒక పద్ధతి నేర్చుకుంటుంది.

మీ అభ్యాసానికి

మీ దగ్గర ఉన్న నర్సింగ్ లేదా ఆరోగ్య విద్య పుస్తకం నుంచి ఒక విధానాన్ని ఎంచుకోండి. నర్సింగ్ చదవనివారు ఓ.ఆర్.ఎస్. పొట్లం వెనుక సూచనలు తీసుకోండి. లీటరు నీటికి సరిపోయే పొట్లం, 200 మి.లీ.కు సరిపోయే పొట్లం రెండూ దుకాణాలలో దొరుకుతాయి, వాటి తేడా ఎంత స్పష్టంగా ముద్రించారో చూడండి. ఆ విధానాన్ని ఇంట్లో ఒకరికి చదివి వినిపించి, చేసి చూపమనండి. వారు ఆగిన చోటల్లా పుస్తకం మార్జిన్‌లో గీత పెట్టండి. తరువాత ఆ పేజీని మీ మాటల్లో తిరిగి రాసి, అదే మనిషికి మళ్ళీ చదివి వినిపించండి. రెండు ప్రతులనూ కాంటాక్ట్ తరగతికి తీసుకురండి.