తాత్కాలిక టీచరు, తిరిగిరాని ఏడాది

ఉద్యోగం అనగానే మనవాళ్ల నోట వచ్చే మొదటి ప్రశ్న 'పర్మనెంటా, టెంపరరీయా?' ఇంగ్లండ్‌కు వచ్చాక కూడా ఫోన్లో మా పెద్దమ్మ, పిన్ని అదే అడుగుతుంటారు. నాది టెంపరరీనే. ఇక్కడ ఇండిపెండెంట్ స్కూల్ అంటే ఫీజు కట్టి చదివించే ప్రైవేటు బడి. అలాంటి ఒక బడిలో చిన్నపిల్లల టీచరు ప్రసూతి సెలవు మీద వెళ్తే ఆవిడ స్థానంలో చేరాను. ఇలాంటి పని ఇంతకుముందూ చేశాను. నా ఒప్పందం కాగితం మీద మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ రెండూ ఉన్నాయి. నా ఎదురుగా కూర్చున్న ఐదేళ్ల బిడ్డకు ఆ తేదీలతో పని లేదు. ఆ బిడ్డకు చదవడం వచ్చేది ఈ ఏడాదే, ఈ ఏడాది మళ్లీ రాదు. అందుకే ఈ వారం ఈ ఉద్యోగం గురించి, ఇందులోని పనితనం గురించి రాయాలనిపించింది.

ఇంగ్లండ్‌లో పిల్లలకు నాలుగేళ్లు నిండాక వచ్చే సెప్టెంబర్‌లో రిసెప్షన్ తరగతిలో చేరుస్తారు. ఆ తర్వాత ఇయర్ వన్, ఇయర్ టూ. ఏడేళ్ల దాకా సాగే ఈ మూడు తరగతులనూ కలిపి ఇన్‌ఫంట్స్ అంటారు. ప్రభుత్వ నిధులతో నడిచే బడుల్లో ఒక టీచరు దగ్గర 30 మందికి మించి ఇన్‌ఫంట్ పిల్లలు ఉండకూడదని 1998 చట్టం చెబుతుంది. ప్రైవేటు బడుల్లో సాధారణంగా అంతకంటే తక్కువే ఉంటారు. దేశం మొత్తం మీద వందమంది పిల్లల్లో ఆరేడుగురు ఈ బడుల్లో చదువుతారు. వీటికి జాతీయ పాఠ్యప్రణాళిక తప్పనిసరి కాదు. టీచరుకు ప్రభుత్వ గుర్తింపు అర్హత ఉండి తీరాలన్న చట్టమూ లేదు. అయినా పసిపిల్లల విషయంలో 2008 నుంచి అమలులో ఉన్న ప్రభుత్వ నియమావళి ప్రైవేటు బడులకూ వర్తిస్తుంది. ప్రతి బిడ్డకూ ఆ బిడ్డ సంగతులు ప్రత్యేకంగా చూసుకునే ఒక పెద్ద మనిషిని కేటాయించాలని అందులో ఉంది. రిసెప్షన్‌లో మామూలుగా అది క్లాస్ టీచరే. ఆవిడ సెలవు మీద వెళ్తే పాఠాలతో పాటు ఆ బాధ్యత కూడా తాత్కాలిక టీచరు మీద పడుతుంది.

చిన్నపిల్లల బడి అనే ఆలోచన బ్రిటన్‌లో డబ్బున్నవాళ్ల కోసం పుట్టలేదు. స్కాట్లండ్‌లోని న్యూ లనార్క్ నూలు మిల్లులో పనిచేసే కార్మికుల పిల్లల కోసం రాబర్ట్ ఓవెన్ 1816లో బడి తెరిచాడు. నడక వచ్చిన పిల్లలనుంచీ అందులో చేర్చుకున్నారు. పసిపిల్లల కోసం ఆయన ఎంచుకున్న జేమ్స్ బుకానన్ చదువులో పండితుడు కాదు, మగ్గం నేసే మనిషి. ఓవెన్ అతనిలో చూసింది పిల్లల మీద ప్రేమను, ఓపికను. పిల్లల మీద చెయ్యెత్తకూడదు, బెదిరించకూడదు, ఎప్పుడూ ప్రసన్నంగా మాట్లాడాలి అన్నవి ఆయన పెట్టిన షరతులు. రెండు వందల ఏళ్లు దాటినా ఈ వృత్తికి ఇంతకు మించిన షరతులు నాకు కనిపించలేదు. ఫీజు ఎంత ఎక్కువైనా, బడి భవనం ఎంత పాతదైనా, ఇన్‌ఫంట్ తరగతి నిలబడేది ఆ మూడింటి మీదే.

తాత్కాలిక టీచరు నేర్చుకోవలసిన మొదటి విద్య, దేన్నీ మార్చకుండా ఉండటం. కొత్త వంటింట్లో అడుగుపెట్టిన మనిషి పొయ్యి వెలిగించే ముందు పోపులపెట్టె ఎక్కడుందో చూసుకుంటుంది. తరగతి గదిలోనూ అంతే. పిల్లలు కోట్లు ఏ కొక్కేలకు తగిలిస్తారు, హాజరు పిలిస్తే ఏమని బదులిస్తారు, బొమ్మలు సర్దే వేళ ఏ పాట పాడతారు, కార్పెట్ మీద ఎవరి చోటు ఎక్కడ, ఈ వారం వరుసకు ముందు నిలబడేది ఎవరు, ఇవన్నీ ముందు తెలుసుకోవాలి. పెద్దవాళ్లు రోజును గడియారంతో కొలుస్తారు. ఐదేళ్ల పిల్లలు దాన్ని వరుసతో గుర్తుపెట్టుకుంటారు: పండ్ల తర్వాత ఆట, ఆట తర్వాత కథ, కథ తర్వాత అమ్మ. ఆ వరుస చెదిరితే కొందరు గట్టిగా ఏడుస్తారు. కొందరు ఏమీ చెప్పకుండా ఒక మూల ముడుచుకుంటారు. టీచరు మారడమే వాళ్లకు పెద్ద మార్పు. దాంతోపాటు గోడ మీది బొమ్మలూ, కూర్చునే చోట్లూ, పాటలూ మారిస్తే వాళ్లకు పట్టుకోవడానికి ఏదీ మిగలదు. పిల్లల క్షేమానికి అడ్డొచ్చేది ఏదైనా ఉంటే వెంటనే మార్చాలి. మిగతావాటికి తొందర లేదు.

ఆ వరుస అంతా తెలిసిన మనిషి ఆ గదిలోనే ఉంటుంది. ఆవిడే టీచింగ్ అసిస్టెంట్. టీచర్లు వస్తుంటారు, వెళ్తుంటారు, చాలాచోట్ల ఆవిడ మాత్రం ఏళ్ల తరబడి అదే గదిలో ఉంటుంది. ఏ బిడ్డకు తమ్ముడు పుట్టాడో, ఎవరు టాయిలెట్‌కు వెళ్లాలని చెప్పడానికి సిగ్గుపడతారో, ఎవరెవరిని పక్కపక్కన కూర్చోబెట్టకూడదో ఆవిడకు తెలుసు. కాగితం మీద ఆవిడ హోదా టీచరు కంటే తక్కువ. కొత్తగా వచ్చిన తాత్కాలిక టీచరు ఆ హోదాను పక్కన పెట్టి ఆవిడను అడిగి నేర్చుకోవాలి. ఈ గౌరవం ఇవ్వలేని మనిషి ఈ పనికి తగదని నా నమ్మకం.

పాఠాల ప్రణాళిక తెరిచే ముందు చదవాల్సిన కాగితాలు కొన్ని ఉంటాయి. వేరుశనగ ఎవరికి పడదు, ఇన్‌హేలర్ ఎవరిది, తీవ్రమైన అలర్జీకి వాడే అడ్రినలిన్ పెన్ ఎక్కడ ఉంచారు, సాయంత్రం బిడ్డను తీసుకెళ్లే హక్కు ఎవరికుంది, ఎవరికి లేదు. తల్లిదండ్రులు విడిపోయిన ఇళ్లలో ఈ చివరి ప్రశ్న చాలా బరువైనది. టీచరు నేర చరిత్రను పరిశీలించకుండా పిల్లల దగ్గరికి పంపకూడదన్న నియమం పర్మనెంట్‌కూ టెంపరరీకీ ఒకటే. అలాంటప్పుడు పిల్లల వివరాలు కూడా ఇద్దరికీ సమానంగా అందాలి. మొదటి రోజు పొద్దున్నే ఈ జాబితా చేతికివ్వని బడిలో ఎంత మంచి టీచరైనా గుడ్డిగానే పనిచేయాల్సి వస్తుంది.

ఇక చదువు సంగతి. ఇక్కడ చదవడం నేర్పేది అక్షరాల పేర్లతో కాదు, ధ్వనులతో. దీన్నే ఫోనిక్స్ అంటారు. చాలా పద్ధతుల్లో మొదట వచ్చేవి ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్. ఈ ఆరింటి ధ్వనులు వస్తే పిన్, టిన్, ట్యాప్, న్యాప్ వంటి చిన్న మాటలు ఎన్నో కూడబలుక్కుని చదవొచ్చు. ఇంగ్లిష్‌లో అక్షరాలు 26 అయినా ధ్వనులు సుమారు 44. రెండు మూడు అక్షరాలు కలిసి ఒక్క ధ్వనినిచ్చే సందర్భాలు తర్వాత వస్తాయి. ఇందులో టీచరు నోరు చాలా శుద్ధంగా ఉండాలి. ఎమ్ అక్షరం ధ్వని 'మ్'. దాన్ని 'మ' అని నేర్పితే బిడ్డ మూడు ధ్వనులు కలిపినా 'మ్యాట్' అనే మాట తేలదు. అచ్చు అంటకుండా పొల్లుగా పలకాలి. తెలుగు మాధ్యమంలో చదువుకున్న మాకు ఇది చిన్నప్పుడే పట్టుబడింది. క్‌కు అ చేరితే క, ఇ చేరితే కి అని గుణింతం పలక మీద దిద్దినవాళ్లకు ధ్వనిని విడదీయడం, కలపడం కొత్త కాదు. మనకు కష్టమైనవి వేరే ఉన్నాయి. ఇంగ్లిష్‌లో వీ, డబ్ల్యూ రెండు వేరు ధ్వనులు. మనం రెంటినీ ఒకే 'వ'గా పలుకుతాం. పై పళ్లు కింది పెదవికి తగిలేది ఒకటి, రెండు పెదవులూ సున్నాలా చుట్టేది మరొకటి. ఈ తేడాను అద్దం ముందు నిలబడి సాధన చేశాను. పిల్లలు టీచరు నోటినే చూసి నేర్చుకుంటారు కాబట్టి ఆ శ్రమ తప్పదు.

తాత్కాలిక టీచరుకు ఫోనిక్స్‌లో ఇంకో జాగ్రత్త ఉంది. ఒక్కో బడి ఒక్కో పద్ధతిని ఎంచుకుంటుంది. ధ్వనులు నేర్పే వరుస, ప్రతి ధ్వనికీ ఉండే బొమ్మ, చేతి సైగ, అక్షరం రాసేటప్పుడు పలికే చిన్న మాట, అన్నీ పద్ధతిని బట్టి మారతాయి. నాకు అలవాటైన పద్ధతి నాకు ఎంత ఇష్టమైనా ఆ గదిలో దానికి చోటు లేదు. బిడ్డ ఏ బొమ్మతో 'స్' నేర్చుకుందో ఆ బొమ్మతోనే ముందుకు నడిపించాలి. ప్రభుత్వ బడుల్లో 2012 నుంచి ఇయర్ వన్ పిల్లలందరికీ జూన్‌లో ఫోనిక్స్ పరీక్ష పెడుతున్నారు. 40 మాటలు చదివిస్తారు. వాటిలో సగం అర్థం లేని కల్పిత మాటలు. బిడ్డ మాటను గుర్తుపట్టి చెబుతోందా, నిజంగా ధ్వనులు కలిపి చదువుతోందా అన్నది తేల్చడానికే అలా పెట్టారు. ప్రైవేటు బడులకు ఈ పరీక్ష తప్పనిసరి కాదు. అందుకే అక్కడ టీచరు స్వయంగా ఇంకా శ్రద్ధగా గమనించాలి. ఒక్కొక్క బిడ్డనూ పక్కన కూర్చోబెట్టుకుని చదివించి, ఎక్కడ ఆగిందో పుస్తకంలో రాసిపెట్టుకోవాలి.

లెక్కల్లోనూ అంతే. రిసెప్షన్ ముగిసేసరికి బిడ్డ ఐదు దాకా వస్తువులను వేలితో లెక్కపెట్టకుండా చూడగానే చెప్పాలన్నది నియమావళిలోని లక్ష్యాల్లో ఒకటి. బయటివాళ్లకు ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. మూడు గింజలూ రెండు గింజలూ కలిస్తే ఐదని కంటికి తెలిసిన బిడ్డకు తర్వాత కూడికలు భయపెట్టవు. ఇలాంటి పునాది పడేది నెలల పాటు రోజూ కొంచెం కొంచెంగా. మధ్యలో టీచరు మారినప్పుడు ఆ 'కొంచెం' ఆగిపోకుండా చూడటమే మా పనితనం.

ఫీజు కట్టే తల్లిదండ్రులు ప్రశ్నలు ఎక్కువ అడుగుతారు. 2025 జనవరి నుంచి ప్రైవేటు బడి ఫీజుల మీద 20 శాతం వ్యాట్ కూడా పడుతోంది. గేటు దగ్గర నిలబడి 'మా పాప ఈ నెలలో ఏం నేర్చుకుంది?' అని అడిగే తల్లికి సూటిగా, వివరంగా జవాబు చెప్పాలి. సెలవులో ఉన్న టీచరుతో నన్ను పోల్చి మెచ్చుకున్నా, పోల్చి తక్కువ చేసినా ఆ మాటను అక్కడితో వదిలేయాలి. తరగతిలో ఆవిడ పేరు మాత్రం తరచూ వినిపించాలి. 'మిస్ ఎప్పుడొస్తుంది?' అని పిల్లలు అడిగితే దాటవేయకూడదు. ఆవిడకు పాపాయి పుట్టింది, పాపాయిని చూసుకుంటోంది, ఫలానా పండగ తర్వాత వస్తుంది అని వాళ్లకు తెలిసిన కొలతల్లో నిజం చెప్పాలి.

ఇక్కడి చట్టం ప్రకారం ప్రసూతి సెలవు 52 వారాల దాకా తీసుకోవచ్చు. ఎప్పుడు తిరిగి చేరాలనే తేదీని మార్చుకోవాలంటే తల్లి 8 వారాల ముందు చెబితే చాలు. అంటే నా ఉద్యోగం ముగిసే రోజు ముందుకో వెనక్కో జరగొచ్చు. సెలవు రద్దు కాకుండా ఆవిడ 10 రోజుల దాకా బడికి వచ్చి పనిచేసే వీలు కూడా ఉంది. ఆ రోజుల్లో ఒకటి రెండైనా పిల్లల అప్పగింత కోసం వాడుకోవాలి. ఇద్దరు టీచర్లూ ఒకే గదిలో ఉండగా పిల్లలు చూస్తే వాళ్ల మనసులో సందేహం ఉండదు. అప్పగించేటప్పుడు మార్కుల పట్టిక ఒక్కటీ చాలదు. ఏ బిడ్డ ఏ ధ్వని దగ్గర ఆగింది, ఎవరికి కొత్త స్నేహం కుదిరింది, ఎవరి ఇంట్లో తాతగారు పోయారు, పెన్సిల్ పట్టు ఎవరికి ఇంకా కుదరలేదు, ఇవన్నీ పేరు పేరునా రాసి ఇవ్వాలి. తాత్కాలిక టీచరు ఎంత బాగా పనిచేసిందో ఆ కాగితాలు చెబుతాయి.

ఈ శ్రద్ధ అంతా టీచరు నుంచే ఆశించి బడి చేతులు దులుపుకుంటే న్యాయం కాదు. గడువు ఒప్పందం మీద పనిచేసేవాళ్లను పర్మనెంట్ ఉద్యోగుల కంటే తక్కువగా చూడకూడదని బ్రిటన్‌లో 2002 నుంచి నిబంధనలున్నాయి. ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లకు ఒకే పనిలో 12 వారాలు నిండితే అక్కడి ఉద్యోగులతో సమానంగా మూల వేతనం రావాలి. వాటితో పాటు శిక్షణ తరగతుల్లో, తల్లిదండ్రుల సమావేశాల్లో, పాఠాల ప్రణాళికకు కేటాయించే సమయంలో మాకూ వాటా ఉండాలి. 'ఎలాగూ వెళ్లిపోయే మనిషే కదా' అన్న ధోరణి వల్ల చివరికి నష్టపోయేది ఆ గదిలోని పిల్లలే.

మన దేశంలోనూ 2017 సవరణ తర్వాత చట్టం వర్తించే సంస్థల్లో మొదటి రెండు కాన్పులకు 26 వారాల వేతన సెలవు ఉంది. ఆ హక్కు ప్రతి టీచరుకూ అందాలి. దానితో పాటు ఆ 26 వారాలూ ఎల్‌కేజీ పిల్లల దగ్గర ఎవరుంటారన్న ప్రశ్న కూడా రావాలి. విజయవాడలోనైనా, వరంగల్‌లోనైనా బిడ్డను బడిలో వేసేటప్పుడు మనం బస్సు గురించి, ఏసీ గురించి, ఫీజు వాయిదాల గురించి అడుగుతాం. వాటితో పాటు ఇంకో రెండు ప్రశ్నలు అడగండి: ఏడాది మధ్యలో టీచరు సెలవు పెడితే ఆ స్థానంలో ఎవరు వస్తారు? వచ్చే మనిషికి పిల్లల సంగతులు ఎవరు, ఎలా అప్పజెబుతారు? సూటిగా జవాబు చెప్పగలిగిన బడిలోనే బిడ్డను చేర్చండి.