యంత్రానువాద సర్వర్లు: పాఠంపై అధికారం ఎవరిది?

విశాఖపట్నంలో కృత్రిమ మేధ కేంద్రానికి ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు వెచ్చించనున్నట్లు 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. సర్వర్లు తెలుగు నేల మీదికి వస్తే తెలుగు అనువాదం మెరుగుపడుతుందన్న ఆశ సహజమే. ఆ ఆశకు గల ఆధారాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

అనువాద ఇంజన్ నిర్వహణ అంటే యంత్రం ఆగకుండా చూడటం మాత్రమే కాదు. ఏ భాషాజంటకు ఏ నమూనాను వాడాలి, పాత నమూనాను ఎప్పుడు తొలగించాలి, దోషాన్ని ఎక్కడ సరిదిద్దాలి అన్న నిర్ణయాలన్నీ అందులో భాగమే.

ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ నేతృత్వంలో రూపొందిన ‘సంపర్క్’ వ్యవస్థలో పదరూప విశ్లేషణ, పదబంధ విభజన, పదాల బదిలీ, పదరూప నిష్పాదన వేర్వేరు మాడ్యూళ్లుగా ఉంటాయి. ఒక్కో దశ ఫలితాన్ని విడిగా పరిశీలించవచ్చు. ఉత్తరాంధ్రలో ‘తినేశాడు’ అనడానికి ‘తినీసాడు’ అంటారు. ఇలాంటి రూపం విశ్లేషకానికి అందకపోతే ఆ మాడ్యూల్‌లోనే నియమాన్ని చేర్చవచ్చు. నాడీజాల నమూనాలో దోషస్థానాన్ని అలా వేలెత్తి చూపలేం. ఆ రూపమున్న వాక్యాలను అనువాదాలతో జతచేసి, నమూనాకు మళ్లీ శిక్షణనివ్వాలి. అయితే మాడ్యూళ్ల పద్ధతికీ పరిమితి ఉంది. ఒక దశలోని దోషం తరువాతి దశలన్నింటికీ పాకుతుంది. వాక్య ధారాళతలో నాడీజాల నమూనాలదే పైచేయి.

పరిశోధకులకు ఇంతకంటే కీలకమైనది పాఠస్థిరత. నిర్వాహక సంస్థ నమూనాను మార్చిన మరునాడు, నిన్నటి అనువాదం మళ్లీ దొరకకపోవచ్చు. తాళపత్ర ప్రతుల పాఠాంతరాలను పోల్చి చూసే పరిష్కరణ సంప్రదాయం మనకు ఉంది. యంత్రానువాదాన్ని ఉదాహరించేటప్పుడు ఇంజన్ పేరు, కూర్పు సంఖ్య, తేదీ పేర్కొనకపోతే ఆ పరిశీలనను మరొకరు సరిచూడలేరు. 2023లో ఏఐ4భారత్ విడుదల చేసిన ఇండిక్‌ట్రాన్స్2 వంటి బహిరంగ నమూనాను విశ్వవిద్యాలయాలు సొంత సర్వర్‌లో నిలుపుకోవచ్చు. ఒకే కూర్పును మార్పు లేకుండా భద్రపరచవచ్చు.

తీరాన ఉక్కు కర్మాగారం ఉన్నా దానికి సొంత ఇనుప ఖనిజపు గనులు లేని లోటు విశాఖకు తెలిసిందే. వాక్యసంపద సమకూర్చుకోకుండా సర్వర్ల సామీప్యాన్ని నమ్ముకుంటే అనువాద రంగంలోనూ అదే లోటు మిగులుతుంది. ఉత్తరాంధ్ర పలుకుబడికి రావిశాస్త్రి సాహిత్య గౌరవం కల్పించారు. ఆ పలుకుబడిని ప్రమాణ తెలుగుతోనూ ఇతర భాషలతోనూ జతపరచిన వాక్యకోశంగా కూర్చడం ఆంధ్ర విశ్వవిద్యాలయం వంటి సంస్థల తెలుగు, భాషాశాస్త్ర శాఖలు చేపట్టదగిన పని. సర్వర్ ఎక్కడున్నదన్న దానికంటే, అందులోని తెలుగును ఎవరు సరిదిద్దగలరన్నదే ముఖ్యం.