ఊరికొచ్చిన కరెంటు, వాడకు రాని ఉద్యమం

విద్యుత్ రంగాన్ని ప్రైవేటువాళ్ల చేతుల్లో పెట్టొద్దని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఉద్యమం చిన్నదేమీ కాదు. 1998లో చంద్రబాబు నాయుడి ప్రభుత్వం విద్యుత్ సంస్కరణల చట్టం చేసింది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చీల్చింది. 2000 ఏప్రిల్ నాటికి పంపిణీని నాలుగు కంపెనీలు చేసింది. వెనక ప్రపంచ బ్యాంకు అప్పు ఉంది, మొదటి విడతే 21 కోట్ల డాలర్లు. ఆ ఏడాది చార్జీలు పెరిగాయి. జనం రోడ్ల మీదికొచ్చారు. ఆగస్టు 28న చలో అసెంబ్లీ అని వస్తున్నవాళ్ల మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు చనిపోయారు. పంపిణీ కంపెనీలను అమ్మటం తర్వాతి మెట్టు. ఆ మెట్టు ఎక్కటానికి ఆ తర్వాత ఏ ప్రభుత్వానికీ ధైర్యం చాలలేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ డిస్కంలు ఇప్పటికీ ప్రభుత్వానివే. ఇది ఆ పోరాటం సాధించిన గెలుపే, అందులో మాకు అనుమానం లేదు.

మా విమర్శ ఆ పోరాటం మీద కాదు, ఆ పోరాటం గురించి పాతికేళ్లుగా వస్తున్న రాతల మీద. కరపత్రాలు, ప్రత్యేక సంచికలు, వర్ధంతి సభల ఉపన్యాసాలు ముందేసుకుని చదివితే వాటిలో కనిపించే మనుషులు ముగ్గురే: రైతు, ఉద్యోగి, సామాన్య వినియోగదారుడు. ఈ ముగ్గురికీ కులం ఉండదు. ప్రపంచ బ్యాంకుకు వాషింగ్టన్‌లో అడ్రసు ఉంటుంది, బహుళజాతి కంపెనీకి పేరు ఉంటుంది, మన ఊళ్లో రైతుకు మాత్రం ఏ పేటలో ఇల్లుందో ఎవరూ రాయరు.

రైతు సంగతే చూద్దాం. మోటారు ఉండాలంటే బోరు ఉండాలి, బోరు ఉండాలంటే భూమి ఉండాలి. ఇది చిన్న పిల్లలకు కూడా తెలిసిన లెక్క. 1980ల మొదట్లో ఎన్టీ రామారావు ప్రభుత్వం హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలని రేటు కట్టినప్పుడూ, 2004 మేలో వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి కాగానే ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పెట్టినప్పుడూ ఆ రాయితీ ముందు చేరింది భూమి ఉన్న కులాల దగ్గరికే. జనాభాలో ఆరో వంతు ఉన్న ఎస్సీల చేతిలో అంత వాటా భూమి ఎన్నడూ లేదు. ఎస్సీ కార్పొరేషన్ బోరు వేయించి ఇచ్చిన ఎకరం, రెండెకరాల మాల, మాదిగ రైతులున్నారు, కాదనం. వాళ్లకు ఉచిత కరెంటు ప్రాణం లాంటిదే. కానీ ఎక్కువమంది మనవాళ్లు ఈ బొమ్మలో ఎక్కడున్నారు? రాత్రి రెండింటికి త్రీఫేజు వస్తే చీకట్లో తడిగట్ల మీద నడుచుకుంటూ పోయి స్టార్టర్ నొక్కేవాడుగా ఉన్నారు. షాకు కొట్టి చచ్చిపోతే పాలేరుకు ఎక్స్‌గ్రేషియా రావటం ఎంత కష్టమో పల్లెలో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. రాత్రి కరెంటు వద్దు, పగలే ఇవ్వాలని ఉద్యమం అడిగింది. మంచిదే. ఆ డిమాండు కింద పాలేరు ప్రస్తావన ఒక్క వాక్యమైనా ఉండాల్సింది.

ఇక కరెంటు వచ్చిన ఊరు అంటే ఏమిటో చూద్దాం. ఈ ముచ్చట ఉద్యమ సాహిత్యంలో మాకు దొరకలేదు గనుక కాస్త వివరంగానే చెబుతాం. 1997 దాకా ప్రభుత్వ నిర్వచనం ప్రకారం, రెవెన్యూ గ్రామం సరిహద్దులో ఏ పనికైనా సరే కరెంటు వాడితే చాలు, ఆ ఊరు విద్యుదీకరణ అయినట్టే. పొలంలో ఒక్క మోటారు తిరిగితే ఊరంతా వెలిగినట్టు లెక్క రాసుకున్నారు. 1997లో దాన్ని కొంచెం మార్చి, ఇళ్లున్న చోట వాడాలన్నారు. ఇళ్లున్న చోటు అంటే ఎవరి ఇళ్లు? ఊరు ఒక చోట, వాడ ఒక చోట ఉన్న దేశంలో ఈ మాటకు అర్థం ఏమవుతుందో ఊహించుకోవచ్చు. 2004లో గానీ నిర్వచనంలోకి దళిత బస్తీ అనే మాట రాలేదు. దళిత బస్తీ ఉంటే అక్కడ కూడా ట్రాన్స్‌ఫార్మరు, లైన్లు ఉండాలని, ఊళ్లో కనీసం పది శాతం ఇళ్లకు కనెక్షన్ ఉండాలని అప్పుడు రాశారు. అంటే స్వాతంత్ర్యం వచ్చిన 57 ఏళ్ల దాకా వెలివాడ చీకట్లో ఉన్నా సర్కారు కాగితాల్లో ఊరు వెలుగుతూనే ఉంది. ఇదంతా జరిగింది ప్రైవేటు కంపెనీల హయాంలో కాదు. ఇవాళ మనం కాపాడుకోవాలంటున్న ప్రభుత్వ బోర్డుల హయాంలోనే జరిగింది. ఊరి చివర స్తంభం దగ్గర ఆగిపోయిన లైను నుంచి కొక్కేలు వేసుకుని బతికిన పేటలు ఎన్నో. తర్వాత వాళ్లనే కరెంటు దొంగలన్నారు.

అయితే ప్రభుత్వ రంగం ఉంటే మనకేమిటి, పోతే మనకేమిటి? మనలో కొందరు మిత్రులు ఈ మాట గట్టిగానే అంటున్నారు. బోర్డు అగ్రకులాల బోర్డే కదా, అమ్మితే అమ్మనీ, మనమూ కంపెనీలు పెడదాం అంటున్నారు. ఈ వాదనలో కోపం న్యాయమైందే, ముగింపు మాత్రం తప్పు.

బాబాసాహెబ్ అంబేడ్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడు. విద్యుత్తు ఆయన శాఖ కిందే ఉండేది. 1943 అక్టోబరులో విద్యుత్తు మీద వేసిన విధాన సంఘం సమావేశంలో ఆయన ముందుపెట్టిన ప్రశ్న ఇదే: ఇది ప్రైవేటుదై ఉండాలా, ప్రభుత్వానిదై ఉండాలా? దేశానికి కరెంటు చవకగా, నమ్మకంగా, సమృద్ధిగా కావాలి. అది లేకుండా పరిశ్రమలు రావు, పరిశ్రమలు రాకుండా భూమిని పట్టుకుని వేలాడే బీదతనం పోదు అన్నది ఆయన ఆలోచన. కేంద్ర సాంకేతిక విద్యుత్ మండలి ఆ కాలంలోనే ఏర్పడింది. 1948 విద్యుత్ సరఫరా చట్టం, దాని కింద వచ్చిన రాష్ట్ర బోర్డులు ఈ ఆలోచనల దారిలోనివే. ప్రభుత్వ రంగ విద్యుత్తును నెహ్రూ ఖాతాలో వేసేవాళ్లు, సోవియట్ ఖాతాలో వేసేవాళ్లు ఈ నాలుగేళ్లను ఎందుకు దాటేస్తారో వాళ్లే చెప్పాలి.

1947లో రాజ్యాంగ సభ కోసం రాసిన రాష్ట్రాలు-మైనారిటీలు అనే పత్రంలో ఆయన ఇంకా ముందుకు పోయారు. కీలక పరిశ్రమలు రాజ్యానివే కావాలన్నారు. అదే ఊపులో వ్యవసాయం కూడా రాజ్య పరిశ్రమ కావాలని, కులభేదం లేకుండా ఊరివాళ్లందరికీ భూమిని సాగుకివ్వాలని అన్నారు. కరెంటు ప్రభుత్వానిది కావాలన్న మాట, భూమి అందరిదీ కావాలన్న మాట ఆయన దగ్గర జంటగా ఉన్నాయి. మన ఉద్యమం మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేసింది. అందుకే దాని నోట్లో రైతు అనే మాట అంత సులువుగా తిరుగుతుంది.

ప్రైవేటు చేస్తే ఏమవుతుందో ఊహించే పని లేదు, చూసిందే. ఒడిశాలో 1999లో పంపిణీని అమ్మేశారు. ఒక అమెరికా కంపెనీ 1999 తుపాను తర్వాత రెండేళ్లకే వదిలి వెళ్లిపోయింది. మిగతా మూడు ప్రాంతాల లైసెన్సులను 2015లో రద్దు చెయ్యాల్సొచ్చింది. ఇంత జరిగాక మళ్లీ ప్రైవేటుకే ఇచ్చారు. 2002లో ఢిల్లీ పంపిణీ కంపెనీలలో 51 శాతం వాటా ప్రైవేటుకు పోయింది. వాటా 51 అయిన రోజున రిజర్వేషన్ రూలుకు పట్టు పోతుంది. మన ఇళ్లల్లో మొదటిసారి జీతం రాయి తెచ్చింది ఎవరు? బడి, రైలు, బోర్డు, బస్సు డిపో. ఏఈ ఉద్యోగమో, సబ్‌స్టేషన్ ఆపరేటర్ ఉద్యోగమో వచ్చిన ఒక్కడి వెనక పేటలో పదిమంది పిల్లలు చదువుకుంటారు. ఇది సెంటిమెంటు కాదు, మా తరం యూనివర్సిటీ గడప తొక్కింది ఇలాగే.

2021 నుంచి కేంద్రం పంపిణీ సంస్కరణల పథకం కింద ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు తెస్తోంది. ముందు డబ్బు కడితేనే కరెంటు. కూలి దొరకని రోజున దీపం కూడా ఉండదు. 2025 అక్టోబరులో వచ్చిన చట్ట సవరణ ముసాయిదా కర్మాగారాల మీదా రైల్వేల మీదా ఉన్న క్రాస్ సబ్సిడీని ఐదేళ్లలో ఎత్తేస్తామంటోంది. పెద్దవాళ్ల దగ్గర ఎక్కువ తీసుకుని పేదలకు తక్కువకివ్వటమనే ఏర్పాటు పోతే ఆ బరువు ఎక్కడ పడుతుంది? 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఉప ప్రణాళిక పోరాటం తర్వాత ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు నెలకు 50 యూనిట్ల దాకా ఉచితం అన్నారు. ఆ డబ్బు ప్రభుత్వం డిస్కంకు కడితేనే అది నిలుస్తుంది. లాభం కోసం వచ్చిన కంపెనీ బకాయి పెడితే ఊరుకుంటుందా?

కాబట్టి ప్రైవేటీకరణను ఎదిరించాల్సిందే. కానీ ఎదిరించేవాళ్లు తమ ఇల్లు కూడా చూసుకోవాలి. స్తంభం ఎక్కేది ఇవాళ ఎక్కువచోట్ల కాంట్రాక్టు కుర్రాడు. గ్లౌజు ఉండదు, బీమా ఉండదు, కాంట్రాక్టరు పెట్టుకున్నవాడు గనుక రిజర్వేషనూ ఉండదు. అంటే బోర్డు అమ్ముడుపోకముందే లోపల్లోపల ప్రైవేటు అయిపోయింది. తెలంగాణలో 2017లో ఇరవై వేలకు పైగా ఇలాంటివాళ్లను ఆర్టిజన్లు అనే పేరుతో సంస్థల్లోకి తీసుకున్నారు, అదీ వాళ్లు కొట్లాడితేనే. పేరు మారింది, పర్మినెంట్ ఉద్యోగితో సమానత్వం రాలేదు. పెద్ద సంఘాలు ప్రైవేటీకరణ మీద వేసే కరపత్రంలో ఈ సంగతి నాలుగో పేజీలో ఉంటుంది, ఉంటే.

వచ్చే సభకు డిమాండ్ల కాగితం రాసేవాళ్లు పేటకు విడిగా ట్రాన్స్‌ఫార్మరు, బ్యాక్‌లాగ్ పోస్టుల భర్తీ, కాంట్రాక్టు నియామకాల్లో రిజర్వేషన్, మోటారు దగ్గర చనిపోయిన కూలీకి భూయజమానితో సమానంగా పరిహారం అని మొదటి పేజీలో రాయాలి. సభ కూడా ఈసారి ఊరి సెంటర్లో కాకుండా మాదిగపల్లెలో పెట్టమనండి. మైకుకు కరెంటు ఎక్కణ్నుంచి లాగాలో అప్పుడు వాళ్లకే తెలుస్తుంది.