డబ్బా మీది 500 కాదు, అసలు పరీక్ష వేరు

పాత లాప్‌టాప్‌కి ఎస్ఎస్‌డీ కొందామనుకునేవాళ్ళు ముందు చూసేది డబ్బా మీద వేసిన వేగం. సెకనుకు 500 ఎంబీ, 540, 550. సాటా రకం డిస్కయితే ఏ కంపెనీదైనా అంకె ఆ చుట్టుపక్కలే ఉంటుంది. సాటా 3 పోర్టు అంతకు మించి పంపలేదు మరి. అందరిదీ ఒకే అంకె అయినప్పుడు దాన్ని పట్టుకుని మంచిదేదో చెడ్డదేదో ఎలా తేలుస్తాం? పైగా చవక రకాల్లో ఒకే పేరు కింద లోపలి చిప్పులు, కంట్రోలరు బ్యాచ్‌ని బట్టి మారిపోతుంటాయి. రెండేళ్ళ కిందట ఎవరో పరీక్షించి మెచ్చుకున్న డిస్కూ, ఈరోజు మన చేతికొచ్చిన డిస్కూ పేరుకే ఒకటి కావచ్చు. అందుకే చేతిలో ఉన్నదాన్నే బెంచీ మీద పెట్టి చూడాలి. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అంటే మన సీటీసీ, మొదలుకుని మండల కేంద్రంలోని చిన్న రిపేరు షాపు దాకా సాగుతున్న విద్య ఇది. పుస్తకం చూసి నేర్చేది కాదు, పక్క బెంచీ చూసి నేర్చేది.

అసలు జబ్బు ఎక్కడుందో చూద్దాం. ‘సిస్టమ్ స్లో అయింది, ఫార్మాట్ కొట్టి ఇవ్వండి’ అంటూ తెచ్చిన లాప్‌టాప్‌లో టాస్క్ మేనేజర్ తెరిస్తే చాలాసార్లు కనిపించే దృశ్యం ఒకటే. డిస్క్ వాడకం 100 శాతం. ఎంత డేటా కదులుతోందా అని చూస్తే సెకనుకు ఒకటి రెండు ఎంబీలు. హార్డ్ డిస్క్ ఊపిరి సలపనంత పనిలో ఉంది, పని మాత్రం జరగడం లేదు. లెక్క వేస్తే కారణం తెలిసిపోతుంది. లాప్‌టాప్‌లలో వచ్చే 5400 ఆర్‌పీఎం డిస్క్ సెకనుకు 90 చుట్లు తిరుగుతుంది, ఒక్కో చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే అయిదున్నర మిల్లీసెకన్లు. హెడ్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరగడానికి ఇంకో పది, పన్నెండు. వెరసి ఒక్క చిన్న ముక్క చదవడానికి 16 మిల్లీసెకన్ల పైమాటే. సెకనుకు 60 ముక్కలు దాటవు. ముక్క 4 కేబీ అనుకుంటే సెకనుకు 240 కేబీ! విండోస్ లేచేటప్పుడు చదివేవి ఎక్కువగా ఇలాంటి చెల్లాచెదురు ముక్కలే. అదే డిస్క్ ఒక పెద్ద సినిమా ఫైలును వరసగా చదవమంటే 80, 100 ఎంబీ వేగంతో హాయిగా చదువుతుంది.

ఎస్ఎస్‌డీలో తిరిగేది లేదు, జరిగేది లేదు. చవకదైనా సరే, 4 కేబీ ముక్కల్ని ఒకదాని తర్వాత ఒకటి అడిగితే సెకనుకు 20 నుంచి 30 ఎంబీ దాకా ఇస్తుంది. హార్డ్ డిస్క్‌తో పోలిస్తే దాదాపు వంద రెట్లు. కాబట్టి మొదటి పరీక్ష దీనికే. వేగం కొలిచే క్రిస్టల్ డిస్క్ మార్క్ ప్రోగ్రామ్ నడిపితే నాలుగు వరసల్లో అంకెలు వస్తాయి. పై వరసలోని పెద్ద అంకెను చూసి మురిసిపోవడం మామూలే కానీ, పాత సిస్టమ్ భవిష్యత్తు ఉన్నది అట్టడుగు వరసలో, 4 కేబీ ముక్కలు ఒక్కొక్కటిగా అడిగే చోట. 2010 నాటి మొదటి తరం కోర్ ఐ3 లాప్‌టాప్‌లలో ఉన్నది సాటా 2 పోర్టు. అక్కడ పై వరస 270 దగ్గర ఆగిపోతుంది. అది చూసి ‘పోర్టు పాతది, ఎస్ఎస్‌డీ దండగ’ అనేవాళ్ళున్నారు. కింది వరసకు ఆ పోర్టు పెద్దగా అడ్డం కాదు. ఒకప్పుడు మన నెట్ సెంటర్ల నిండా ఉన్న జీ31 బోర్డుల మీద కూడా చవక ఎస్ఎస్‌డీ తేడా కళ్ళకు కట్టినట్టు కనిపించేది ఇందుకే.

ఇక్కడిదాకా చవకదీ ఖరీదైనదీ ఇంచుమించు ఒకటే. అసలు గుట్టు రాసేటప్పుడు బయటపడుతుంది.

ఫ్లాష్ మెమరీలో ఒక్కో గడిలో ఎన్ని బిట్లు కుక్కితే అంత చవక. ఒక బిట్టయితే రెండు వోల్టేజీ స్థాయిలు చాలు. టీఎల్‌సీ అంటే మూడు బిట్లు, ఎనిమిది స్థాయిలు. క్యూఎల్‌సీ అంటే నాలుగు బిట్లు, పదహారు స్థాయిలు. అంత సన్నని తేడాలతో రాయాలంటే నెమ్మదిగానే రాయాలి. ఆ నెమ్మది మన కంట పడకుండా డిస్క్‌లో కొంత భాగాన్ని గడికి ఒక్క బిట్టు చొప్పున వాడతారు. వచ్చిన డేటా ముందు అక్కడ వేగంగా పడుతుంది, తీరిక దొరికినప్పుడు అసలు చోటికి చేరుతుంది. మార్కెట్ యార్డులో లారీల ధాన్యం ముందు ప్లాట్‌ఫారం మీద దించి, ఆనక గోడౌన్‌కి మోసినట్టన్నమాట. ప్లాట్‌ఫారం నిండిందా, వెనక లారీలన్నీ ఆగాల్సిందే. చవక డిస్క్‌లో ఆ ఘడియ వచ్చినప్పుడు 400 మీద పోతున్న వేగం ఒక్కసారిగా 100 కిందికి జారుతుంది. క్యూఎల్‌సీ అయితే హార్డ్ డిస్క్ కంటే కిందికి పోయినా ఆశ్చర్యం లేదు. చవక డిస్కుల్లో చాలావాటికి డీర్యామ్ కూడా ఉండదు. ఏ డేటా ఎక్కడుందో చెప్పే పట్టికకు జీబీకి సుమారు ఒక ఎంబీ చొప్పున చోటు కావాలి. డీర్యామ్ లేనప్పుడు ఆ పట్టిక కూడా ఫ్లాష్‌లోనే ఉంటుంది, దాన్ని చదవడానికి మళ్ళీ కొంత సమయం.

ఈ జారుడు ఎప్పుడు మొదలవుతుందో తెలుసుకోవడమే రెండో పరీక్ష. ఇందులో చాలామంది ఒక చోట బోల్తా పడతారు. పెన్‌డ్రైవ్ నుంచో, పాత హార్డ్ డిస్క్ నుంచో 40 జీబీ ఫైళ్ళు కాపీ పెట్టి ‘చూశారా, ఎక్కడా తగ్గలేదు’ అంటారు. పంపేదే సెకనుకు 80 ఎంబీ అయితే పుచ్చుకునేదానికి అలుపెక్కడిది? డేటాను అక్కడికక్కడే పుట్టించి రాసే ప్రోగ్రామ్ కావాలి. జర్మన్ కంప్యూటర్ పత్రిక సీటీ వాళ్ళ హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అలాంటిదే. లినక్స్‌లో అదే పనికి ఎఫ్3 ఉంది. డిస్క్ మొత్తాన్ని నింపేసి, రాసింది రాసినట్టే ఉందా అని మళ్ళీ మొదటి నుంచి చదివి చూస్తుంది. 240 జీబీ డిస్క్ సగటున 100 ఎంబీ వేగంతో నిండడానికి 40 నిమిషాలు. యూఎస్‌బీ 2.0 కేబుల్ మీద పెడితే రెండు గంటలు దాటుతుంది, వేగం సంగతీ తేలదు. నేరుగా సాటా పోర్టుకే తగిలించాలి.

దీనితోనే దొంగసరుకు కూడా దొరికిపోతుంది. పేరూ ఊరూ లేని ‘2 టీబీ’ డబ్బాల్లో లోపల ఉన్నది చిన్న మెమరీ కార్డయినా, సిస్టమ్‌కి 2 టీబీ అనే చెబుతుంది. నిండాక పాత డేటా మీదే కొత్తది రాస్తుంది. కాపీ అయిపోయిందనే మనమూ అనుకుంటాం. తిరిగి చదివినప్పుడే మోసం బయటపడేది. అలాగని 240 జీబీ డిస్క్ విండోస్‌లో 223 అని చూపిస్తే కంగారుపడి షాపువాడి మీదికి పోనక్కర్లేదు. కంపెనీ లెక్క వెయ్యితో, విండోస్ లెక్క 1024తో.

డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో ఒక్క నిమిషం గడపడం కూడా ఆచారమే. కొత్తదని అమ్మిన డిస్క్ అప్పటికే వందల గంటలు పని చేసి ఉంటే అక్కడ కనిపిస్తుంది. సీ7 అనే వరసలో సీఆర్‌సీ తప్పులు పెరుగుతుంటే డిస్క్‌ని తిట్టే ముందు కేబుల్ మార్చి చూడాలి. పాత డెస్క్‌టాప్‌లలో చాలాసార్లు దొంగ అదే.

తరవాతిది మార్పిడి. ఇక్కడ మన ఊళ్ళ సంగతి కొంచెం వేరు. డీటీపీ షాపులో పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ మేనేజర్, ఏళ్ళుగా పోగైన ఫాంట్లు, పెళ్ళిపత్రికల ఫైళ్ళు అన్నీ ఒకదానికొకటి అల్లుకుని ఉంటాయి. ‘కొత్తగా విండోస్ వేస్తా’ అంటే ఆ యజమాని గుండె జారిపోతుంది. అందుకని ఉన్నదున్నట్టు క్లోన్ కొడతారు. ఆ సిస్టమ్ ఎక్స్‌పీ కాలం నాటిదైతే ఇందులో ఒక తిరకాసు ఉంది. ఎక్స్‌పీ తన పార్టిషన్‌ని 63వ సెక్టార్ దగ్గర మొదలుపెట్టేది. బైట్లలో 32,256. అది 4,096తో భాగించబడదు. క్లోన్ కొడితే ఈ వంకర కూడా కొత్త డిస్క్‌లోకి దిగుతుంది. అప్పుడు 4 కేబీ రాసిన ప్రతిసారీ అది రెండు ముక్కల మీద పడి, ఎస్ఎస్‌డీ రెండింటినీ తడమాల్సి వస్తుంది. సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో డిస్కుల జాబితా తెరిస్తే పార్టిషన్ మొదలు అంకె ఉంటుంది. 10,48,576 ఉంటే నిశ్చింత. 32,256 ఉంటే పార్టిషన్‌ని సర్దే ప్రోగ్రామ్‌తో ముందుకు జరపాలి. చెరిపేసిన ఫైళ్ళ చోటు ఖాళీ అయిందని డిస్క్‌కి చెప్పే ట్రిమ్ కూడా ఎక్స్‌పీకి రాదు, 2009లో వచ్చిన విండోస్ 7 నుంచే ఉంది. ఎక్స్‌పీ తప్పనిసరి అయినచోట డిస్క్‌లో నాలుగో వంతు ఖాళీగా వదిలెయ్యమంటాను.

ఎస్ఎస్‌డీ అరిగిపోతుందేమోనన్న భయం మాత్రం అతి. 2017లో వచ్చిన కింగ్‌స్టన్ ఏ400 చవక రకానికి మంచి ఉదాహరణ. దాని 240 జీబీ డిస్క్‌కి కంపెనీ చెప్పిన రాత పరిమితి 80 టీబీ. రోజుకు 20 జీబీ రాసినా 4,000 రోజులు, పదేళ్ళు దాటుతుంది. ఆలోగా లాప్‌టాప్ కీలే ఊడిపోతాయి. భయపడాల్సింది చెప్పాపెట్టకుండా పోయే చావుకి. హార్డ్ డిస్క్ టకటకమంటూ ముందే కబురు పెడుతుంది. ఎస్ఎస్‌డీ నిన్నటిదాకా బాగానే ఉండి, పొద్దున బయోస్‌లో తన పేరు కూడా మర్చిపోతుంది. ఫైసన్ ఎస్11 కంట్రోలర్ ఉన్నవి అలా పోయినప్పుడు ‘సాటాఫర్మ్ ఎస్11’ అని చూపిస్తాయి. ఆ మాట కనిపించిందంటే డేటా మామూలు షాపులో తిరిగి వచ్చే పని కాదని మెకానిక్‌కి అర్థమైపోతుంది. చవక డిస్కుల్లో కరెంటు పోయినప్పుడు ఆ క్షణానికి ఆదుకునే కెపాసిటర్లు ఉండవు. బ్యాటరీ చచ్చిన లాప్‌టాప్‌కో, యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కో ఎస్ఎస్‌డీ వేసేటప్పుడు ఆ ఖర్చు కూడా కలిపి లెక్కకట్టాలి.

ర్యామ్ 2 జీబీ ఉంటే ముందు అది పెంచాలి. ఎస్ఎస్‌డీ ఆ లోటును కొంత కప్పిపుచ్చుతుందే గానీ తీర్చదు. విండోస్ 11 మాటా అంతే. టీపీఎం 2.0, ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలంటుంది. డిస్క్ మార్చినంత మాత్రాన పాత ఐ3కి ఆ యోగ్యత రాదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. బ్యాంకు పనులు చేసుకునే సిస్టమ్ అయితే ఎస్ఎస్‌డీ మీద లినక్స్ మింట్ వేసి ఇవ్వడం నా దృష్టిలో మంచి మార్గం.

తీసిన హార్డ్ డిస్క్ ఆరోగ్యంగా ఉంటే పారెయ్యొద్దు. డీవీడీ డ్రైవ్ తీసేసి ఆ చోట క్యాడీలో బిగించి, ఫైళ్ళ నకళ్ళకు వాడుకోవచ్చు. క్యాడీ 9.5, 12.7 మిల్లీమీటర్లని రెండు మందాల్లో దొరుకుతుంది, కొలిచి కొనాలి. కొన్ని లాప్‌టాప్‌లలో డీవీడీ పోర్టు అసలు పోర్టు కంటే నెమ్మది. అందుకని ఎస్ఎస్‌డీ ఎప్పుడూ హార్డ్ డిస్క్ ఉన్న చోటే కూర్చోవాలి. 7 మిల్లీమీటర్ల డిస్క్ 9.5 గూట్లో వదులుగా ఊగితే, డబ్బాలో ఇచ్చిన ప్లాస్టిక్ చట్రం అంటించాకే స్క్రూలు బిగించాలి. చాలా చవక రకాల్లో ఆ చట్రం ఇవ్వరు, ముందే అడిగి తెచ్చుకోవాలి.