చేటలోని పళ్ళు

మా నాయనమ్మ మధ్యాహ్నపువేళ అరుగుమీద కూర్చుండి, చేటలో బియ్యము పలుచగా పరచి రాళ్ళేరుచున్నపుడు, ఆమె చూపు ఏ గింజమీదను నిలువకుండెడిది; తక్కినవానితో పొసగనిది ఒక్కటి తనంత తానే కంటబడువరకు వ్రేళ్ళు మాత్రము బియ్యమును అవతలికి నెట్టుచునే యుండెడివి. ఈ విద్య అంతరించిన మూషికముల నన్వేషించుటకు నాకు అక్కరకు వచ్చునని ఆనాడు కలనైనను తలపలేదు.

చాల ఏండ్లకు పిమ్మట, అమెరికాలోని ఒక పరిశోధనాలయమున, వయోమింగు రాష్ట్రపు బ్రిడ్జర్ శిలాస్తరములనుండి గోనెలకెత్తి తెచ్చిన మట్టిని ఎండబెట్టి, నీట నానవైచి, సన్నజల్లెడలలో కడిగి, మరల ఆరబోసి, మిగిలిన పిడికెడు నలుసులను సూక్ష్మదర్శినిక్రింద పరచి, తడికుంచె మొనతో ఒక్కొక్కదానిని కదపుచు కూర్చుంటిని. నేను వెదకినది పారామిస్. ఇంచుమించు 5 కోట్ల సంవత్సరములక్రిందట అచట తిరుగాడిన ఈ ఆదిమకృంతకమునకు 1871లో ఆ పేరిడినవాడు ఫిలడెల్ఫియా శరీరశాస్త్రాచార్యుడు జోసెఫ్ లీడీ. ఎలుకకు చెంతనుండునది యని గ్రీకుభాషలో దాని యర్థము. రూపమున మాత్రము ఎలుకకంటె ఉడుతకే దగ్గర, పెద్దది తోకతో కూడ రెండడుగులుండెడిది.

మూడవనాటి సాయంకాలము గురువుగారు నా చెత్తగిన్నెను త్రిప్పిచూచి, నేను రాయియని నెట్టివైచిన పెసరగింజంత నల్లనితునకను కుంచెతో ఎత్తి కటకముక్రింద పెట్టిరి. అది దవుడపన్ను, అంచుల గుబ్బలు, నడుమ అరిగిన పల్లము. రాయి అంచులు అరుగును గాని ఇట్లు నడుమ అరుగదని మాత్రమనిరి.

మరునాడు దొరకిన కొరుకుడుపంటి ముక్క నాకు మరింత ముచ్చట గొలిపినది. ముందువైపు మాత్రమే గట్టి ఎనామెల్, వెనుక మెత్తని దంతధాతువు. కొరికినకొలది వెనుకటిది ముందుగా అరిగి అంచు తనంత తానే పదునెక్కును, అరిగినంత మొదలునుండి జీవితాంతము పెరుగుచునే యుండును. మా వీథి వడ్రంగి తన ఉలిని సానరాతిపై ఒకవైపే ఏటవాలుగా నూరుటకు కారణము నాకు ఆనాడే తెలిసినది. ఇంతటి ఉలి యుండియు, నేటి ఎలుకలకును ఉడుతలకును ముట్టెమీదికి ప్రాకిన నమలుకండరము పారామిస్‌కు ఇంకను చెంపయెముకనే అంటియుండెను. పనిముట్టు ముందు వచ్చినది, దానిని త్రిప్పు బలము తరువాత వచ్చినది.

మన వికారాబాదు ప్రాంతపు నస్కల్ మట్టినిగూడ ఇట్లే జల్లించి, శాస్త్రజ్ఞులు ప్రసాద్, సాహ్ని గారలు 1988లో డెక్కనోలెస్టీస్ అను, పారామిస్‌కంటె ప్రాచీనమైన చిన్నక్షీరదపు పళ్ళను లోకమునకు చూపిరి. అది ఎలుకజాతిది కాదు, కాని జల్లెడ అదియే.

ఇంతకును ఆ మూడవనాటి సాయంకాలము, నల్లని పంటిని గాజుగొట్టములోనికి జారవిడుచుచు తలయెత్తి చూతును గదా, మూడుదినములనుండి నేను పారవేసినదంతయు గురువుగారు నెమ్మదిగా తిరిగి నా పళ్ళెములోనికే ఒంపుచుండిరి.