రెండో ఆర్డరు

"ప్రకటనకు పెట్టిన డబ్బు తిరిగొచ్చిందా?" అని అడిగితే చిన్న వ్యాపారులు చాలామంది ఫోను తీసి లైకులు చూపిస్తారు. కాస్త తెలిసినవాళ్లయితే ఎంతమంది చూశారో ఆ అంకె చూపిస్తారు. నేను ఆర్డర్లు రాసుకునే నోటుబుక్కు అడుగుతాను. అది లేదంటే ముందు వెళ్లి ఒకటి కొనుక్కోమంటాను. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో చిన్న దుకాణాల ప్రకటనలు చూసిపెట్టడం నా వృత్తి. చీరలవాళ్లు, పచ్చళ్లవాళ్లు, పూతరేకులవాళ్లు, ఒకరిద్దరు పళ్ల డాక్టర్లు నా దగ్గరికి వస్తుంటారు. ఇందరిలో గిట్టుబాటు లెక్క తేటగా కనిపించేది పచ్చళ్ల దగ్గరే. పెళ్లిచీర కొన్నావిడ మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఆవకాయ సీసా మాత్రం ఎప్పుడో ఒకప్పుడు ఖాళీ అవుతుంది.

ఒక లెక్క వేద్దాం. సులువుగా ఉండాలని అంకెలు ఉజ్జాయింపుగా తీసుకుంటున్నాను. కిలో ఆవకాయ కొరియరుతో కలిపి 700 రూపాయలు. కాయ, కారం, ఆవపిండి, పప్పునూనె, సీసా, కూలి, కొరియరు, అన్నీ పోను 200 మిగులుతుందనుకుందాం. ప్రకటనకు 5,000 పెట్టారు. దానిమీద 18 శాతం జీఎస్టీ 900. మొత్తం 5,900. జీఎస్టీ రిజిస్ట్రేషను ఉండి మామూలు పద్ధతిలో పన్ను కట్టేవాళ్లు ఆ 900ని వెనక్కి సర్దుకోవచ్చు, లేనివాళ్లకు అది కూడా ఖర్చే. చాలామంది ఈ 900ని లెక్కలో వెయ్యనే వెయ్యరు. ఆ డబ్బుకి వందమంది వాట్సాప్‌లో పలకరించారు. పదిమంది కొన్నారు. ఒక్కో ఆర్డరు తేవడానికి 590 అయింది, మిగిలింది 200. కిలోకి 390 చొప్పున చేతి చమురు వదిలింది.

ఇక్కడే చాలామంది "ఆన్‌లైన్ మనకి అచ్చిరాదు" అని ఆపేస్తారు. కాస్త మొండివాళ్లు అదే ప్రకటనకు ఇంకో పదివేలు పోస్తారు. లెక్కను ఇంకొంచెం ముందుకు లాగి చూడండి. ఆ పదిమందీ ఏడాదిలో తలా నాలుగుసార్లు తెప్పించుకుంటే ఒక్కొక్కరి మీద 800 మిగులుతుంది, 590 పోను 210 లాభం. లేదా అదే వందమందిలో పదిమంది బదులు ఇరవైమంది కొంటే ఆర్డరు ఖర్చు 295కి దిగుతుంది. అప్పుడు రెండో సీసాకే గట్టెక్కుతారు. ఈ రెంటికీ ఫేస్‌బుక్‌కి అదనంగా ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. అందుకే ఎవరి ఖాతా చేతికొచ్చినా నేను ప్రకటనలోకి ముందుగా వెళ్లను, చాట్లు చదువుతాను.

తెనాలిలో ఒక అత్తాకోడళ్ల వ్యాపారం ఉంది. అత్తగారిది చెయ్యి, కోడలిది ఫోను. "అన్నయ్యా, రోజూ అడిగేవాళ్లే గానీ కొనేవాళ్లు లేరు. ప్రకటన ఎవరెవరికో వెళ్తున్నట్టుంది, కాస్త చూడు" అని కోడలు ఫోను ఇచ్చింది. చాట్లు తెరిచాను. రాత్రి 10.40కి ఒకావిడ: "ఆవకాయ కేజీ ఎంతండీ?" మర్నాడు మధ్యాహ్నం 2.15కి జవాబు: ధర అంకె ఒక్కటే. ఆపైన ఏమీ లేదు. దానికింద ఇంకొకరు: "కొరియర్ ఉందా?" సాయంత్రానికి జవాబు: "ఉంది". ఇలా వరసగా. రెండు నీలం టిక్కులు, ఆపైన నిశ్శబ్దం. ఆ పిల్లని తప్పు పట్టేందుకు లేదు. పొద్దున ఏడింటికి ప్యాకింగు మొదలవుతుంది, పదింటికి కొరియరు అబ్బాయి వస్తాడు, మధ్యలో బడికెళ్లే పిల్లాడు. కానీ రాత్రి పదిన్నరకి పడుకుని ఫోను చూస్తున్న మనిషికి నోరూరింది అప్పుడు. మర్నాడు మధ్యాహ్నానికి ఆవిడ ఆఫీసులో ఉంది.

వాట్సాప్ బిజినెస్ యాప్‌లో తరచూ పంపే జవాబుల్ని ముందే రాసి దాచుకునే వీలుంది. మనం లేని వేళల్లో దానంతటదే వెళ్లే సందేశమూ పెట్టుకోవచ్చు. రెండూ ఉచితమే. ముగ్గురం కూర్చుని ఒక జవాబు రాశాం: "కిలో 700 అండీ, కొరియరు ఖర్చు అందులోనే. హైదరాబాద్‌కి రెండు మూడు రోజుల్లో అందుతుంది. వెల్లుల్లి వేసింది కావాలా, వెయ్యనిదా?" ఆ చివరి ప్రశ్న అత్తగారిది. "కొట్లోకి వచ్చినవాళ్లని ధర చెప్పి ఊరుకుంటామా బాబూ, ఏది కావాలని అడగమూ?" అన్నారావిడ. మార్కెటింగు పుస్తకాలు దీనికి పెద్ద పేరేదో పెడతాయి గానీ, వెల్లుల్లి వద్దని జవాబు రాసినావిడ అప్పటికే సగం కొనేసినట్టు. కొరియరు ఖర్చు ధరలో కలిపెయ్యడం కూడా ఆరోజే జరిగింది. అంతవరకూ సీసా ధర ఒకటి చెప్పి, అడ్రసు అడిగేటప్పుడు కొరియరు వేరే అనేవాళ్లు. అక్కడిదాకా వచ్చినవాళ్లు అక్కడే జారిపోయేవాళ్లు.

ఇదే వరసలో నాకు ఒళ్లు మండే అలవాటు ఇంకోటి ఉంది, "ధర కోసం ఇన్‌బాక్స్‌కి రండి" అనడం. ధర దాస్తే మెసేజీలు పెరుగుతాయి, నిజమే. అవన్నీ ధర తెలియగానే మాయమయ్యే మెసేజీలు, ఒక్కోదానికీ మనం డబ్బు కట్టాం. బొమ్మ మీదే 700 అని వేసేస్తే పలకరింపులు తగ్గుతాయి, వచ్చినవాళ్లు ధరకి సిద్ధపడి వస్తారు. తగ్గిన అంకె చూసి వ్యాపారి గుండె జారుతుంది కాబట్టి ఈ సలహా చెప్పేటప్పుడు నేను పక్కనే కూర్చుంటాను.

ఇప్పుడు ప్రకటన దగ్గరికి. పోస్టు కింద కనిపించే ఆ నీలం "బూస్ట్" బటను నొక్కితే ఏమవుతుందో నొక్కేవాళ్లలో చాలామందికి తెలియదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే మెటా వ్యవస్థ మనం అడిగినదాన్నే వెతుకుతుంది. లైకులూ కామెంట్లూ కావాలంటే వేలు ఊరికే లైకు మీదకి పోయేవాళ్లనే ఏరి చూపిస్తుంది. అలాంటివాళ్లు మన దేశంలో పుష్కలం. మెసేజీలు కావాలని అడిగితే మెసేజీ పెట్టే అలవాటున్నవాళ్లని వెతుకుతుంది. అందుకే యాడ్స్ మేనేజరులోకి వెళ్లి, నొక్కగానే వాట్సాప్ తెరుచుకునే ప్రకటన పెట్టమంటాను. అక్కడ అడ్డొచ్చేది అత్యాశ. రోజుకి 200 రూపాయల బడ్జెట్టుని ఐదు ముక్కలు చేసి ఆవకాయకొకటి, గోంగూరకొకటి, ఆడవాళ్లకొకటి, హైదరాబాద్‌కొకటి, బెంగళూరుకొకటి అని పంచుతారు. ప్రకటన ఎవరికి చూపాలో యంత్రం నేర్చుకోవడానికి ఒక్కో భాగానికీ వారంలో సుమారు 50 ఫలితాలు కావాలని మెటాయే చెబుతుంది. మన లెక్కలో ఒక్కో పలకరింపు 59 రూపాయలు. రోజుకి 200 పెడితే మొత్తం కలిపి వారానికి ముప్పై కూడా రావు. వాటినే ఐదు చోట్ల పంచితే ఏ ముక్కా ఏమీ నేర్చుకోదు. చిన్న బడ్జెట్టుకి ఒకే సమూహం, అందులో రెండు మూడు వీడియోలు. చాలు.

వీడియోల సంగతి చెప్పుకోవాలి. తెనాలివాళ్లు ముందు ఒక కుర్రాడి చేత చేయించిన వీడియోలో సినిమా సంగీతం, తిరుగుతున్న సీసా, పైన ఇంగ్లీషులో "నూటికి నూరుపాళ్లు సహజం" అన్న అక్షరాలు. అది ఏ సీసాకైనా పనికొస్తుంది, సబ్బుకైనా. తర్వాతి వీడియోని కోడలే ఫోన్లో తీసింది. మామిడికాయలు కొట్టే మనిషి పెరట్లో పెద్ద కత్తితో కాయని టెంకతో సహా రెండు చెక్కలు చేస్తున్నాడు. ఆ టప్‌మన్న చప్పుడు, తర్వాత జీడి తీసి గుడ్డతో తుడుస్తున్న అత్తగారి చేతులు, చెక్కకి అంటుకుని ఉన్న తెల్లటి టెంక పెంకు. అంతే. సంగీతం లేదు. పచ్చడి తెలిసినవాళ్లు ముందు చూసేది ముక్కకి టెంక ఉందా లేదా అనే. టెంక లేని ముక్క నాలుగు నెలలకి మెత్తబడుతుందని వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. కామెంట్లలో కూడా ఎమోజీలు పోయి ప్రశ్నలొచ్చాయి: "పప్పునూనేనా? వేరుశెనగ నూనె కాదు కదా?" "కారం మీరే ఆడిస్తారా?" ఇంకో సంగతి, ఈ ప్రకటనల చోటు వేలంలో అమ్ముడవుతుంది. ఆ వేలంలో డబ్బుతోపాటు జనం స్పందిస్తారా లేదా అన్న అంచనాకీ విలువుంది. ఆగి చూసే వీడియోకి చోటు చవగ్గా దొరుకుతుంది. దసరా, దీపావళి ముందు పెద్ద కంపెనీలు అదే వేలంలోకి దిగి రేటు పెంచేస్తాయి. ఆ రోజుల్లో చిన్నవాళ్లు తప్పుకుని పాత ఖాతాదార్ల మీద పడటమే మేలంటాను.

పాత ఖాతాదార్లు అన్నాను కదా, అసలు వ్యాపారమంతా అక్కడే. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని చేర్చవచ్చు, కానీ మన నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ సందేశం చేరుతుంది. ఈ మెలిక తెలియక "పంపాను, ఎవరూ పలకలేదు" అనేవాళ్లని చాలామందిని చూశాను. పంపింది చేరనే లేదు. అందుకని పార్సిల్లో ఒక చీటీ వెయ్యమంటాను. "ఈ నంబరు సేవ్ చేసుకోండి. కొత్త కొరివికారం పెట్టినప్పుడు ముందు మీకే చెబుతాం." పచ్చళ్లకి ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే కాలమే ఏడాదంతా కబురు పంపే సాకులిస్తుంది. ఎండాకాలంలో ఆవకాయ, మాగాయ. కార్తీకానికి ఉసిరికాయ, ఆ వెంటే చింతకాయ. సంక్రాంతి వెళ్లాక పండుమిరప. ఊరికే "ఆఫర్, ఆఫర్" అని రోజూ పంపే దుకాణాన్ని జనం మూడోరోజుకి మ్యూట్ చేస్తారు. పండుమిరపకాయలు వచ్చాయన్న కబురుని ఎవరూ మ్యూట్ చెయ్యరు. అమెరికా వెళ్లేవాళ్ల ఆర్డర్లు కూడా ఎక్కువగా ఈ జాబితాలోంచే వస్తాయి: "ఇరవయ్యో తేదీ ప్రయాణం, ఈలోగా కావాలి, గట్టిగా ప్యాక్ చెయ్యండి."

నోటుబుక్కులో ఆర్డరు పక్కన ఒక గడి ఎక్కువ గీయించాను: "మా గురించి ఎలా తెలిసింది?" మెటా తన డాష్‌బోర్డులో, తన ప్రకటన నొక్కి ఏడు రోజుల్లోపు కొన్నవాళ్లందరినీ తన ఖాతాలోనే వేసుకుంటుంది. వాట్సాప్‌లో మాట్లాడి యూపీఐలో డబ్బు వేసిన అమ్మకం మనం చెబితే తప్ప దానికి తెలియనే తెలియదు. కాబట్టి మనిషినే అడగడం నయం. తెనాలివాళ్ల గడిలో అడ్డదిడ్డంగా రాసుకున్న జవాబులు చదువుతుంటే నాకు సరదాగా ఉంటుంది. "ఫేస్‌బుక్", "మా వదిన", "కత్తి వీడియో", "మా ఆఫీసులో డబ్బాలో తెచ్చారు", మళ్లీ "మా వదిన". ఈ వదిన ఎవరో గానీ ఆమెకి ఒక సీసా ఊరికే పంపమన్నాను. పంపారు కూడా.

గూగుల్ గురించి రెండు ముక్కలు చాలు. కొట్టు ఉన్నవాళ్లు గూగుల్ మ్యాప్స్‌లో తమ వ్యాపార ప్రొఫైలు సరిచూసుకోవాలి. అది ఉచితం. ఆదివారం మూసి ఉంటుందా, ఫోను నంబరు పాతదా, అక్కడున్న ఫొటో ఎవరో దారినపోయేవాళ్లు తీసిన మూసిన షట్టరుదా, ఇవి చూసుకోండి. రివ్యూకి బదులుగా బహుమతి ఇవ్వడం గూగుల్ నియమాలకి విరుద్ధం, ఆ జోలికి పోవద్దు. ఫుడ్ వ్లాగర్ల విషయం కొంచెం చిక్కు. డబ్బు తీసుకుని చేసిన వీడియోలో అది ప్రకటన అని చెప్పాలని ప్రకటనల స్వీయ నియంత్రణ మండలి ఆస్కీ 2021లోనే మార్గదర్శకాలు పెట్టింది. చెప్పనంటే ఆ మనిషితో బేరం వద్దంటాను. చెప్పేవాళ్లలో కూడా మన జిల్లాలో పదిమందికి తెలిసిన చిన్నవాళ్లు నయం. లక్షల ఫాలోవర్లున్న మనిషి ఒకేరోజు ఐదువందల ఆర్డర్లు తెచ్చిపెడితే పెరట్లో నాలుగు జాడీలున్న ఇల్లు ఏం చెయ్యగలదు? ఇవ్వలేని ఆర్డరు చెడ్డ రివ్యూ అయి తిరిగొస్తుంది.

అందిన తర్వాత డబ్బు అనే పద్ధతిని పచ్చళ్లకి నేను మొదటినుంచీ ఒప్పుకోను. తలుపు తియ్యకపోతే సీసా వెనక్కి వస్తుంది, రానూపోనూ కొరియరు మన నెత్తినే, వచ్చిన సీసా మళ్లీ అమ్మడానికి పనికిరాదు. ముందు డబ్బు అడిగితే అనుమానపడతారన్నది నిజమే. ఆ అనుమానం తీరడానికే సీసా మీది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల నంబరు కనిపించేలా ఫొటో, ఊరి పేరు, అత్తగారి ముఖం ప్రకటనలోనే ఉండాలి. ఆవిడ మొదట ముఖం చూపించనన్నారు. "పచ్చడి చూపించండి, నేనెందుకు?" అన్నారు. కోడలు ఎలా ఒప్పించిందో నేను అడగలేదు.

వాళ్లింట్లో ఆవకాయ ఏటా ఏ జాడీకాజాడీ లెక్కగా పెడతారు. దసరాకల్లా అడుగంటుతుంది. కిందటేడు సెప్టెంబరులో ఇంకా నాలుగు వారాల సరుకు ఉండగానే ప్రకటన ఆపించాను. "బాగా నడుస్తోంది కదా అన్నయ్యా, ఇప్పుడెందుకు ఆపడం?" అని కోడలు గునిసింది. మిగిలిన సీసాలు రెండోసారి, మూడోసారి అడిగేవాళ్లకి సరిపోవాలి. 590 ఖర్చుపెట్టి కొత్త మనిషిని తెచ్చి ఇచ్చే సీసా, ఖర్చేమీ లేకుండా మళ్లీ వచ్చిన మనిషికి లేదని చెప్పాల్సిన సీసా, రెండూ ఒకటే. నోటుబుక్కు ముందు పెట్టుకుని కూర్చున్నాక ఆమే ఒప్పుకుంది. అప్పుడే ఇంకోటి కూడా బయటపడింది. ఒకసారి కొని మళ్లీ రానివాళ్లకి ఫోన్లు చేయిస్తే, రుచి బాలేదన్నవాళ్లు కనిపించలేదు. "మూత దగ్గర నూనె కారి అట్టపెట్టంతా తడిసిపోయిందండీ" అన్నవాళ్లే ఎక్కువ. ఆపేసిన ప్రకటన డబ్బుతో వాళ్లు మూతకింద రేకు సీలు వేసే చిన్న మిషను కొన్నారు. దాన్ని ఆమె ప్యాకింగు ఖర్చుల పేజీలో రాసుకుంది. నేను కొట్టేసి ప్రకటనల పేజీలోకి మార్చాను.